ఊపిరి ఎక్కడ పీలుస్తుందో చూశామా?

మన జంతుశాస్త్రం ల్యాబులో దోమ పిల్లకు జరిగే మర్యాద శాండ్‌ఫ్లై పిల్లకు జరగదు. క్యూలెక్స్ డింభకం బొమ్మను మేమందరం రికార్డుల్లో వేశాం. అది నీళ్ళలో తలకిందులుగా వేలాడుతూ, తోకవైపు గొట్టాన్ని పైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. నీటి మీద కాస్త కిరసనాయిలు పోస్తే ఊపిరాడక చస్తుందని పల్లెల్లో బడి ముఖం చూడనివాళ్ళకూ తెలుసు. శాండ్‌ఫ్లైకి మాత్రం ఒక్క వాక్యం: కాలా అజార్‌ను వ్యాపింపజేయును. అది బట్టీపట్టి పరీక్ష గట్టెక్కేస్తాం. ఇది చాలదని నా వాదన.

దాని డింభకం నీళ్ళలో ఉండదు. పేరులో ఇసుక ఉంది గదా అని ఇసుకలో వెతికితే లాభం లేదు. పశువుల కొట్టాల్లో, గోడల పగుళ్ళలో, పేడా కుళ్ళిన ఆకులూ కలిసిన చెమ్మ నేలలో పెరుగుతుంది. ఒంటినిండా అగ్గిపుల్లల్లాంటి వెంట్రుకలు, తోక చివర పొడుగాటి శూకాలు! చూపు వాటి మీదే ఆగిపోతుంది. అసలు చూడవలసినవి శ్వాసరంధ్రాలు. ఒక జత తల వెనుక వక్షపు మొదటి ఖండితం మీద, ఇంకో జత ఉదరం ఎనిమిదో ఖండితం మీద ఉంటాయి. వాటిని లోపల వాయునాళాలు కలుపుతాయి. మట్టి రేణువుల సందుల్లోని గాలే దీనికి ఆధారం. ఇక కిరసనాయిలు ఎక్కడ పోస్తాం? మడుగే లేదాయె!

అందుకే యుద్ధమంతా రెక్కలొచ్చిన ఈగల మీదే సాగింది. బీహారులో ఏళ్ళ తరబడి ఇంటి గోడలకు డి.డి.టి. కొట్టారు. ఈగలు దానికి లొంగకపోయేసరికి 2015 ప్రాంతంలో మందు మార్చవలసివచ్చింది. చికిత్స అందకపోతే కాలా అజార్ సోకినవారిలో నూటికి తొంభై అయిదుగురికి పైగా చనిపోతారు. ఆ రోగపు పరాన్నజీవిని 1903లో లీష్మన్‌తో పాటు కనుగొన్న డోనవన్ పనిచేసింది మన పక్కనున్న మద్రాసులోనే. రోగం ఈగ కాటుతో మనిషికి సోకుతుందని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ రుజువు చేశారు. అంత కథ ఉన్న ప్రాణికి మన సిలబస్‌లో ఒక్క వాక్యమా?

వచ్చే ఏడాది ప్రాక్టికల్స్‌లో ఒక్క పూట దీనికివ్వమని లెక్చరర్లను కోరుతున్నాను. కొట్టం మట్టి కొంచెం, ఒక జల్లెడ, చిక్కటి పంచదార నీళ్ళు చాలు. ఆ నీళ్ళలో మట్టి కలిపితే డింభకాలు పైకి తేలతాయి. మెస్ సెక్రటరీ గారు కంగారుపడనక్కర్లేదు, పంచదార మేమే కొనుక్కుంటాం. స్లయిడు మీద ఎనిమిదో ఖండితాన్ని ఫోకస్ చేసే పని మాత్రం డిమాన్‌స్ట్రేటర్లది.