సంఘములా? సింహాసనములా?

మన ప్రాంతమున సంఘములకు కొఱత లేదు. పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వఱకు పోవు బాటసారికి కార్మిక సంఘముల జెండాలు, యజమానుల సంఘముల బోర్డులు, కులసంఘముల భవనములు, కాలనీ సంక్షేమ సంఘముల గేట్లు అడుగడుగునను కానవచ్చును. కొఱత యున్నది సభ్యులకే. చందా యిచ్చినంత మాత్రమున ఎవడును సభ్యుడు కాడు. సంఘమేమి చేయుచున్నదో తెలిసికొని, కాదనవలసినప్పుడు కాదనగలవాడే సభ్యుడు. తక్కినవాడు ప్రేక్షకుడు.

ఏటి కొక్కమాఱు సభ జరుగును. పూలదండలు, శాలువలు, పెద్దల యుపన్యాసములు ముగిసిన పిమ్మట “లెక్కలు ఆమోదింపబడినవి” అను నొక్క వాక్యము వినబడును. అంతలో భోజనములకు పిలుపు వచ్చును. లెక్క చూపుమని యెవడైన లేచెనా, “ఇన్నేండ్లుగా సేవ చేయుచున్న పెద్దమనిషిని శంకింతువా?” యని గద్దింతురు. లెక్క యడుగుట యెట్లు అవమానమగును? 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే ఏటేటి ఆడిట్టును, సభ్యులు లెక్కపుస్తకములు చూచుటకు వీలును సంఘ నిబంధనలలో నుండి తీరవలెనని శాసించెను. పరప్రభుత్వము వ్రాసిన చట్టమునకున్న పాటి మర్యాద మన సొంత పెద్దలకు లేకపోవుట సిగ్గుచేటు గాదా?

“సమర్థుడు దొరకినప్పుడు మార్చుట యేల?” యని కొందఱందురు. వారికి ఈ సంగారెడ్డి జిల్లా చరిత్రయే ఉత్తరము. నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1930లో తొలిసారి జరిగినది జోగిపేటలోనే. దానికి సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. మఱుసటి యేట దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారు. 1937 నాటి నిజామాబాదు సభ వఱకు ఆఱు సభలు జరుగగా, ఆర్గురు వేర్వేఱు వ్యక్తులు అధ్యక్షులైరి. అట్లని ప్రతాపరెడ్డిగారి గౌరవము తగ్గెనా? కుర్చీ దిగినవాడు పనికిరానివాడన్న భ్రమ ఆ నాటివారికి లేదు. జోగిపేటలోనే స్త్రీల సభయు జరిగెను. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. ఇంటి లెక్కలు పైసతో సహా చూచు గృహిణిని నేటి కాలనీ సంఘములు ముగ్గుల పోటీకి పిలుచుచున్నవే గాని లెక్కల కమిటీకి పిలుచుచున్నవా?

ఇంతకంటె పెద్దదోషము మాట విషయమున నున్నది. 1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ గాయమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. నేడు ఈ కర్మాగారములలో బిహారునుండి, ఒడిషానుండి, ఉత్తరప్రదేశ్‌నుండి వచ్చినవారు వేలకొలది పనిచేయుచున్నారు. 2025 జూన్ 30న పాశమైలారమున ఔషధ పరిశ్రమకు సంబంధించిన కర్మాగారము పేలి నలుబదిమందికి పైగా మరణించిరి. మృతులలో అట్టివారనేకులు. ఆ ఘోరమునకు భాషయే కారణమని నేననను. కాని యంత్రమువద్ద తనకు తోచిన భయమును ఆ కార్మికుడు ఏ సంఘమున, ఏ భాషలో చెప్పుకొనవలెను? మన నోరు నొక్కిననాడు సంఘము పెట్టుకొన్న మనము, నేడు ఇంకొకని మాట వినుటకు చెవి యొగ్గకున్న, ఆ నాటి గేలి మనచేతనే సాగుచున్నదని యెఱుగవలెను.

చేయవలసినవి కష్టమైన పనులు కావు. సభకు పదిదినముల ముందు లెక్కలు సభ్యులందఱి చేతికి రావలెను. తీర్మానములు సభలో చదివి, ఎవరు, ఎప్పటికి నెఱవేర్తురో వ్రాసికొని, మఱుసభలో మొదట వానినే విచారింపవలెను. రెండు పర్యాయములు పదవి చేసినవారు మూడవమాఱు నిలువరాదు. సభ్యు లేయే భాషలు మాటలాడుదురో ఆ భాషలన్నిటను నోటీసు లుండవలెను. వీనిని కాదను అధ్యక్షుడు సేవకుడు కాడు, జమీందారు. చందా పుస్తకము చేతబట్టి మీ గుమ్మము ద్రొక్కినవానిని ముందుగా పోయిన యేటి లెక్క యడుగుడు. చూపినవానికే రొక్క మిండు.