వాయిదాల పాలైన మాతృత్వము

2021వ సంవత్సరపు సరోగసీ నియంత్రణ చట్టము వితంతువునకును, విడాకులు పొందిన స్త్రీకిని అన్యస్త్రీ గర్భముద్వారా బిడ్డను పొందుటకు అనుమతి నొసగినది. మంచిదే. కాని ఆ యనుమతి 35 ఏండ్లు మొదలు 45 ఏండ్లవరకు మాత్రమే. అవివాహితకు అదియును లేదు.

భర్త విడిచిపోయి పదేండ్లయినను డిక్రీ రానంతవరకు స్త్రీ భార్యయే. భార్యయైనచో భర్తతో గూడి దరఖాస్తు పెట్టవలెనట! మొగము చూపనివాడు సంతకము చేయునా?

ఇరువురును సమ్మతించిన విడాకులకు ఆరునెలల నిరీక్షణ సైతము తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. భర్త పంతము పట్టినచో నేమి గతి? వాయిదామీద వాయిదా, అప్పీలుమీద అప్పీలు. ఇందు మా వకీళ్ల పాలును తక్కువ కాదని సిగ్గుతో నొప్పుకొనుచున్నాను. 41వ యేట కోర్టు మెట్లెక్కిన యామె 46వ యేట డిక్రీతో దిగినచో, ఆ కాగితము నేమి చేసికొనవలెను? పైగా ఆమె తన యండమునే వినియోగింపవలెనని నిబంధన. అండము వాయిదాల నెరుగునా?

తిరిగి యతుకని దాంపత్యమును విడాకులకు కారణముగా నంగీకరింపవలెనని లా కమిషను 1978లోనే సిఫారసు చేసినది. హిందూ వివాహ చట్టమున నది నేటికిని చేరలేదు. ఆ కారణముపై విడాకులీయ తనకు అధికారము గలదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. క్రింది కోర్టులకు ఆ యధికారము లేదు. ఢిల్లీదాక పోగల స్త్రీ లెందరు?

పార్లమెంటువారు ఆ సిఫారసును శాసనము చేయుదురుగాక. అంతవరకు, విడాకుల దావా వేసిన దినమునాటి వయస్సునే సరోగసీకి లెక్కింపవలెను. అందులకు ఒక్క వాక్యపు సవరణ చాలును.