చెవులు మాకూ వున్నాయి

పులుసులో ఉప్పెక్కువైందని చెప్పడానికి ఇంట్లో ఎవరి నాలుకైనా పనికొస్తుంది. హై-ఫై సెట్టులో పాట ఎలా వుందో చెప్పడానికి మాత్రం తర్ఫీదు పొందిన చెవి కావాలిట. ఆ చెవి సెట్టు కొన్నవారికీ, అమ్మినవారికీ తప్ప మరెవరికీ వుండదుట. ఈమధ్య నేను చూసిన నాలుగిళ్లలోనూ ఇదే వరస. "ఫ్రిజ్ కట్టెయ్యి, వై-ఫై డబ్బా పీకెయ్యి, ఫోను వరండాలో పెట్టిరా!" కరెంటులో వున్న 'మురికి' పాటలోకి దిగిపోతోందిట. ఆ మురికి వదలగొట్టడానికి బొటనవేలంత లావు కరెంటు తీగలూ, ఫిల్టరు పెట్టెలూ వేలకి వేలు పోసి కొంటున్నారు.

నవలలు రాసుకునేదానివి, చదివింది బి.ఏ., నీకెందుకమ్మా ఈ గొడవ అంటారేమో. ఖర్చయ్యేది ఇంటి డబ్బు. ఫ్రిజ్ కట్టేస్తే విరిగేది మా పాలు. అందుకని మాట్లాడతాను.

ముందు న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఒక విద్యుత్ పరికరం పనిలో మరొకటి వేలు పెట్టడం అబద్ధమేమీ కాదు. రేడియోలో మీడియం వేవ్ పెట్టుకుని, పక్కన మిక్సీ వేసి చూడండి. మిక్సీ మోటారు బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వలు రేడియోలో బరబరమంటాయి. చవకరకం ఎల్.ఇ.డి. బల్బులూ, ఫోను చార్జర్లూ, కొన్ని ఫాను రెగ్యులేటర్లూ కూడా ఆ పనే చేస్తాయి. 2జీ ఫోను స్పీకరు పక్కన పెడితే, రింగు కావడానికి ముందే "టిట్టిటిట్ టిట్టిటిట్" అని గోల మొదలయ్యేది, గుర్తుందా? ఆ ఫోను సెకనుకి సుమారు 217 సార్లు ఆగి ఆగి సంకేతం పంపుతుంది. ఆ దడదడే ఆంప్లిఫయరులో దూరి మనకి వినపడేది.

అన్నిటికంటే పాత చుట్టం 'హమ్'. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ వూగుతుంది. ఆ వూపు సెట్టులో చేరిందంటే, పిలవని తంబురా ఒకటి వచ్చి కూచున్నట్టే. అదీ శ్రుతి కలవని తంబురా! టీవీనీ ఆంప్లిఫయరునీ తీగతో కలిపి, వాటికి ఎర్తు మాత్రం వేర్వేరు చోట్ల తగిలితే, ఆ చుట్టులో చిన్న కరెంటు పారుతుంది. హమ్ పుట్టేది చాలాసార్లు అక్కడే. ఈ నేరంలో కేబుల్ టీవీ వైరు పాత ముద్దాయి. గ్రామఫోను రికార్డులు వేసేవాళ్లకి బెడద మరీ ఎక్కువ. రికార్డు మీది ముల్లు ఇచ్చే సంకేతం వోల్టులో వెయ్యోవంతులు నాలుగైదు మాత్రమే, సి.డి. ప్లేయరు ఇచ్చేది రెండు వోల్టులు. అంత సన్నటి గొంతుని పెద్దది చేసేటప్పుడు పక్కనున్న రొదా పెద్దదవుతుంది.

ఇవన్నీ నిజాలే. అయితే వీటి లక్షణం ఒకటి గమనించండి. ఇవి వస్తే ఇంటిల్లిపాదికీ వినపడతాయి. బామ్మకి వినపడతాయి, హోంవర్కు చేసుకునే పిల్లాడికి వినపడతాయి. హమ్ అయితే పాట ఆపినా వినపడుతూనే వుంటుంది. మందు కూడా చవకే. టీవీనీ ఆంప్లిఫయరునీ ఒకే బోర్డులో పెట్టడం, కరెంటు తీగలని పాట తీగలకి దూరంగా జరపడం, వీలున్నచోట ఆప్టికల్ కేబుల్ వెయ్యడం. అందులో వచ్చేది కాంతి. కాంతి వెంట హమ్ రాదుగా.

ఒక్క మందు మాత్రం చచ్చినా వెయ్యకండి. హమ్ పోతుందని ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను పీకేసే మహానుభావులున్నారు. హమ్ పోతుంది, నిజమే. రేపు లోపల తీగ వూడి ఇనపపెట్టెకి తగిలితే, దాన్ని ముట్టుకున్న మనిషీ పోతాడు. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో దానికి బిందెడు నీళ్లు పోసేది ఎందుకనుకున్నారు? ఆ పిన్ను కోసమే.

ఇక అసలు తగువుకి వద్దాం. వీళ్లు చెప్పే 'మురికి' ఈ రకం కాదు. అది రొదగా వినపడదుట. పాట మీద సన్నటి తెర కప్పినట్టుంటుందిట. ఖరీదైన కరెంటు తీగ వేస్తే ఆ తెర తొలిగి, గాయని వచ్చి ఎదురుగా కూచుంటుందిట! ఎక్కడో శ్రీశైలంలో పుట్టిన కరెంటు అడవులూ పొలాలూ దాటి, సబ్‌స్టేషన్లు దాటి, వీధి స్తంభం మీది కాకుల కిందుగా మన గోడలోకి వస్తుంది. అంత దూరం అంటించుకున్న మురికిని చివరి మూడడుగుల తీగ కడిగేస్తుందా? పైగా ఆంప్లిఫయరు ఆ కరెంటుని వచ్చింది వచ్చినట్టు వాడుకోదు. ట్రాన్స్‌ఫార్మరు తగ్గిస్తుంది, డయోడ్లు ఒకవైపుకి మళ్లిస్తాయి, కెపాసిటర్లు చదును చేస్తాయి. వడపోత లోపలే వుంది. దానికి సెట్టు కొన్ననాడే డబ్బిచ్చాం.

మా ఆడపడుచు భర్తతో ఈ మాటే అన్నాను. "నీకు తెలీదులేమ్మా, చెవి వుండాలి" అన్నారాయన.

"సరే అన్నయ్యగారూ, ఆ చెవికే పరీక్ష పెడదాం. సెట్టు వెనక దుప్పటి కప్పుదాం. మీరు బయటున్నప్పుడు వదిన బొమ్మా బొరుసూ వేసి, పాత తీగో కొత్త తీగో పెట్టి పక్కగదిలోకి పోతుంది. మీరొచ్చి విని చీటీ మీద రాయండి. పదిసార్లు. వినకుండా గుడ్డిగా రాసినా పదింటిలో తొమ్మిదో పదో కుదిరే అవకాశం నూటికి ఒక్కటి. కాబట్టి తొమ్మిది కుదిరితే మీరే గెలిచినట్టు" అన్నాను.

"సంగీతాన్ని అనుభవించాలమ్మా, పరీక్షలు పెట్టకూడదు" అనేశారు. వంటింట్లోంచి వదిన మాత్రం "దుప్పటి తేనా?" అంది.

ఇలా తప్పుకోవడం ఆయనతో మొదలు కాలేదు. 2007లో అమెరికాలో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు, 7,250 డాలర్ల స్పీకరు తీగలకీ మామూలు తీగలకీ తేడా చూడకుండా విని చెప్పినవారికి పది లక్షల డాలర్లిస్తానన్నాడు. ఒక విమర్శకుడు ముందుకొచ్చాడు కూడా. తీగల కంపెనీ సరుకివ్వడానికి వెనకాడింది. పరీక్ష జరగనే లేదు. స్పీకరు తీగల కథైనా, కరెంటు తీగల కథైనా వరస ఒకటే.

సంగీతానికి పరీక్ష కూడదంటే, పాశ్చాత్యుల పెద్ద ఆర్కెస్ట్రాల మాటేవిటి? పక్షపాతం రాకూడదని, వాద్యగాళ్లని తెర వెనక కూచోబెట్టి విని మరీ ఎంచుకుంటారు. మనిషి వాయించే వయొలిన్‌ని తెర వెనకనుంచి బేరీజు వెయ్యొచ్చుగానీ, మూడడుగుల తీగని వెయ్యకూడదా?

వీళ్లు అబద్ధాలాడుతున్నారని నేననడం లేదు. వాళ్లకి నిజంగానే బాగా వినపడుతుంది. ఖరీదైన చీర కట్టుకున్నరోజు అద్దంలో మనమూ బాగానే కనపడతాం. అది చీరలో వుందా, బిల్లులో వుందా? దుకాణంలో రెండోసారి వాల్యూమ్ వెంట్రుకవాసి పెంచితే చాలు, అది మనకి పెద్దగా వినిపించినట్టుండదు, బాగా వినిపించినట్టుంటుంది. ఆ గుట్టు అమ్మేవాడికి తెలుసు. మనకీ తెలియాలి.

గరగరలాడే రికార్డుల్లోంచే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విని మురిసిపోయారు మన పెద్దలు. పాటకి వాళ్లు పెట్టిన ఖర్చు శ్రద్ధ. రొద వినపడితే చెప్పండి, అందరం కలిసి వెతుకుదాం. మీ ఒక్కరికే, అదీ తీగ వంక చూస్తున్నప్పుడే వినపడే రొదకి మాత్రం ఇంటి డబ్బు ఇవ్వం. ఫ్రిజ్ నడుస్తూనే వుంటుంది.