బండి దించే ముందు టైరు సంగతి తేల్చండి

ముందే చెప్పేస్తున్నా, పాత కార్లని నేలబారుకి దించుకునేవాళ్ళ మీద నాకే కోపమూ లేదు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ముక్కు కాస్త వంచి నిలబడితే ఎంత ముద్దుగా ఉంటుందో నాకూ తెలుసు. నా గొడవంతా టైర్ల దగ్గరే. ముందు బండి దించేసి, ఆనక మడ్‌గార్డు కింద ఏది పడితే అది ఇరికించి, "ఫిట్ అయింది" అని చంకలు గుద్దుకునే పద్ధతి ఉందే, అది శుద్ధ తప్పు. కంపైల్ అయింది కాబట్టి ప్రోగ్రాం కరెక్టే అనే ఫ్రెషర్‌ని మన టీంలో ఎన్నాళ్ళు భరిస్తాం చెప్పండి?

మాటలెందుకు, లెక్కే చూద్దాం.

బీటిల్‌కి కంపెనీ ఇచ్చిన పాత సైజు 5.60-15. రేడియల్స్‌లో దాని బదులు 165/80 ఆర్ 15 వేస్తారు. 15 అంగుళాల రిమ్ అంటే 381 మి.మీ. పక్కగోడ ఎత్తు 165లో 80 శాతం, అంటే 132. పైనా కిందా కలిపి 264. మొత్తం వ్యాసం 645 మి.మీ. ఇక దించిన బీటిల్స్ ముందు చక్రాలకి చాలామంది వేసే సైజు 145/65 ఆర్ 15. స్మార్ట్ ఫర్‌టూ అనే బుల్లి కారు ముందు చక్రాలకి వచ్చిన సైజు ఇది. అదే లెక్కన దీని వ్యాసం 569.5 మి.మీ. అంటే దాదాపు 12 శాతం తక్కువ. కేవలం టైరు వల్లే ముక్కు 38 మి.మీ. దిగిపోతుంది.

ఎవరిని అడిగినా "వ్యాసం తేడా 3 శాతం దాటకూడదు" అంటారు. ఎందుకు దాటకూడదో చెప్పే నాథుడు ఉండడు. ఏబీఎస్ ఉన్న కొత్త కారులో ఆ జాగ్రత్తకి అర్థం ఉంది. మన ముసలి బీటిల్‌లో ఏబీఎస్ ఎక్కడిది? ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: ఏ చక్రం మారిస్తే ఏది మారుతుంది?

బీటిల్ స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి రాదు, ఎడమ ముందు చక్రం నుంచి వస్తుంది. కాబట్టి ముందు టైరు చిన్నదైతే మీటరు అబద్ధం చెప్తుంది. నిజంగా 60 మైళ్ళ వేగంలో ఉంటే 68 చూపిస్తుంది. తిరిగిన దూరం కూడా 13 శాతం ఎక్కువ లెక్కపెడుతుంది. వెనక టైరు చిన్నదైతే మీటరుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, కానీ అదే వేగానికి ఇంజన్ 13 శాతం ఎక్కువ తిరగాలి. హైవే మీద గాలితో చల్లబడే పాత ఇంజన్‌కి అదేమంత మేలు చేసే పని కాదు.

ఇప్పుడు అసలు విషయం, బరువు. 145/65 ఆర్ 15 మీద లోడ్ ఇండెక్స్ 72 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరుకి 355 కేజీలు. రెండిటికి 710. పూర్తిగా నింపిన బీటిల్ బరువు సుమారు 1200 కేజీలు, అందులో దాదాపు 60 శాతం వెనకే పడుతుంది, ఇంజన్ అక్కడే కదా. అంటే 720. చూశారా? ముందు వేస్తే ఫరవాలేదు, వెనక వేస్తే నలుగురు ఎక్కిన రోజున టైరు హద్దు దాటిపోయింది. అదే 165/80కి లోడ్ ఇండెక్స్ 87, అంటే 545 కేజీలు. అందుకే "నాలుగు చక్రాలకీ ఒకటే సైజు వేస్తే లుక్ బాగుంటుంది" అనే సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా!

పైగా ఆ 355 కేజీలు పూర్తి గాలి ఉన్నప్పటి మాట. బీటిల్ పాత మాన్యువల్‌లో ముందు టైర్లకి 16-18 పీఎస్ఐ లాంటి అంకెలుంటాయి. అవి పెద్ద టైరు కోసం రాసినవి. అదే గాలి చిన్న టైరులో పెడితే అది మోసే బరువు తగ్గుతుంది, పక్కగోడ నలిగి వేడెక్కుతుంది. ఇక సన్న టైరుని వెడల్పు రిమ్ మీద సాగదీసి ఎక్కించే కళాకారులున్నారు. ప్రతి సైజుకీ తయారీదారు రిమ్ వెడల్పు హద్దులు ప్రకటిస్తాడు, ఊసుపోక కాదు. గట్టి మలుపులో టైరు అంచు రిమ్ మీంచి జారితే బ్రేకు తొక్కినా లాభం లేదు.

"షోలో కార్లన్నీ ఇలాగే ఉన్నాయిగా?" అంటారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది. ఆ కార్లలో చాలా వాటిని ట్రైలర్ మీద తెస్తారు. "ఇన్నేళ్ళూ ఏం కాలేదుగా?" అంటారు. బగ్ రిపోర్ట్ రాలేదంటే బగ్ లేదని అర్థమా?

వరస ఇలా ఉండాలి. మొదట బరువు మోయగల టైరు. తర్వాత దానికి తగ్గ రిమ్. తర్వాత స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ పూర్తిగా నొక్కి, ఎక్కడా రాసుకోకుండా ఎంత చోటుందో కొలవడం. ఆ మిగిలిన చోటుని బట్టే బండి ఎంత దించాలో తేల్చాలి. వెనక పాత స్వింగ్ యాక్సిల్ ఉన్న బీటిల్ అయితే దించినకొద్దీ చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది. చూడ్డానికి బయట గీతలన్నీ భేషుగ్గా ఉంటాయి, లోపల తీగలు తేలుతుంటాయి. వంగి చూడండి. అలాగే పక్కగోడ మీద చివరి నాలుగంకెలూ చూడండి. 2314 అంటే 2014లో 23వ వారంలో చేసింది. వారాంతాల్లో తిప్పే కారు టైరు అరగదు, ముసలిదవుతుంది.

ఇండియాలో అంబాసిడర్‌నో పద్మినినో ఇలా దించాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అది పక్కన పెట్టినా, మన స్పీడ్ బ్రేకర్లు ఏ కోర్టు చెప్పినా వినవు.

బండి ఎంత కిందకి దిగిందన్నది ఫోటోకి సంబంధించిన విషయం. టైరు ఎంత మోస్తుందన్నది ప్రాణానికి సంబంధించిన విషయం. ఏది ముందు చూడాలో విడిగా చెప్పాలంటారా?