చెట్టెక్కితే ఇక్కడ సర్జన్, అక్కడ కూలోడు

ఇంగ్లండులో నా ఉద్యోగం పేరు ‘ట్రీ సర్జన్’. కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం, ఇంటి మీదికి ఒరిగిన చెట్టును పైనుంచి ముక్కలుగా దించడం. మాలపల్లెలో మా నాన్న చేసిందీ ఇదే. ఆయనకు మాత్రం నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారు.

ఇక్కడ నేను సీఎస్38 పరీక్ష పాసై చెట్టెక్కాను. 1998 నాటి నిబంధనల ప్రకారం నా తాళ్లు, హార్నెస్ ఆరు నెలలకోసారి తనిఖీ కావాలి. పైన నాకు దెబ్బ తగిలితే ఎక్కి దించగల మనిషి కింద ఉండాలి. నాన్నకు ఉన్నది గొడ్డలి, కొబ్బరితాడు. కింద మా అమ్మ.

‘అక్కడ శ్రమకు విలువుంది’ అని మురిసిపోయే మిత్రులతో నాకు పేచీ. ఇది దొరల దయ కాదు, చట్టం. ఇదే దేశం కులం దగ్గర తడబడింది. సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్ణయిస్తే, కోర్టు తీర్పులు చాలులే అని 2018లో ప్రభుత్వం పక్కన పెట్టింది. వద్దన్నవాళ్లలో హిందూ సంఘాలున్నాయి. ఉగాది భోజనాల్లో నా పని విన్నవాళ్లు రెండో ప్రశ్నగా ఇంటిపేరు అడుగుతారు. కులం పనివాళ్లనే విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. పని పేరు మారినా ప్రశ్న మనిషి వెంటే వస్తోంది.

తెలంగాణలో 2024లో గీత కార్మికులకు రక్షణ కిట్లు వచ్చాయి. మంచిదే, అదీ ఎన్ని ప్రాణాలు పోయాకో! తాటిచెట్టుకు కుదిరింది వేపకు, చింతకు ఎందుకు కుదరదు? విద్యార్థి మిత్రులారా, మీ మున్సిపాలిటీ కొమ్మలు కొట్టించే టెండరు కాగితాన్ని ఆర్టీఐ కింద తీయండి. తాడు, బీమా, కింద నిలబడే రెండో మనిషి అని అందులో రాసి ఉందేమో చూడండి. లేకపోతే ఆ బిల్లు ఎవరు పాస్ చేశారో పేరు అడగండి.