సూది గుచ్చుకున్నాక అడిగిన మాట

2021 మే నెల. కరోనా రెండో అల మంచి ఊపు మీద ఉండాది. మా జట్టు పిల్లోళ్లు కొందరు ఒక ఆసుపత్రికి సాయానికి పోయినారు. అన్నం పొట్లాలు పంచేది, స్ట్రెచర్ తోసేది, సిలిండర్లు మోసేది, ఇదీ పని. వాళ్లలో ఒకడు చెత్తసంచి ఎత్తబోతే వాడేసిన సూది ఏలికి దిగింది. అప్పుడు నర్సమ్మ అడిగింది, "హెపటైటిస్ బీ టీకా ఏసుకున్నావా?" అని. "అదేంది మేడం?" అన్నాడు మావోడు.

చేర్చుకున్న రోజు అడగాల్సిన మాటను రక్తం కారినాక అడిగినారు. వానికి ఏం కాలేదు గానీ, ఆర్నెల్లు నిద్ర లేదు.

టీకా లేనోనికి హెపటైటిస్ బీ రోగి సూది గుచ్చుకుంటే, నూటికి 30 మంది దాకా అంటుకునే ప్రమాదం ఉంది. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి ముగ్గురే. మనం భయపడేది రెండోదానికి, మర్చిపోయేది మొదటిదాన్ని. మూడు డోసుల టీకాతో ఆగిపోయే జబ్బు ఇది. పసిపిల్లలకు దేశమంతా ఈ టీకా అందింది 2011 నాటికి గదా, అంతకుముందు పుట్టినోళ్లలో చానామందికి పడలేదు. ఇది చదువుతాండే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువమంది ఆ లెక్కలోనే వస్తారు.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు తీసి చూడండి. ఆసుపత్రి చెత్త ముట్టుకునే సిబ్బందికీ, "ఇతరులకూ" హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు ఏయించాల. చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారైనా ఆరోగ్య పరీక్ష చేయించి రికార్డు పెట్టాల. ఆ "ఇతరులు" అనే మాటలో సంచి ఎత్తిన మావోడు లేడని ఎవురైనా చెప్పగలరా? జీతం రిజిస్టర్లో పేరు లేనోడు టీకా రిజిస్టర్లో కూడా ఉండడు, అదీ అసలు సంగతి.

అమెరికాలో మనోళ్ల పిల్లలు హైస్కూల్లో ఉండంగానే ఆసుపత్రుల్లో వాలంటీర్లుగా చేస్తారు. ఆడ తట్టు, రుబెల్లా, ఆటలమ్మ టీకాల కాగితాలు చూపించాల, టీబీ పరీక్ష చేయించుకోవాల, చలికాలం ఫ్లూ టీకా కూడా చానాచోట్ల అడుగుతారు. వాలంటీర్‌ను కాపాడేదానికి మాత్రమే కాదు, వార్డులో ఉండే బాలింతను, క్యాన్సర్ రోగిని వాలంటీర్ నుంచి కాపాడేదానికి. మన ఊర్లలో 2017లో బడుల్లో ఏసిన ఎంఆర్ టీకా గుర్తుందా? ఆ వయసు దాటినోళ్లకు అది అందలేదు. రుబెల్లా తగిలించుకున్న పిల్ల ఇంటికొచ్చి కడుపుతో ఉండే వదిన పక్కన కూర్చుంటే, నష్టం కడుపులో బిడ్డకు.

అయితే పరీక్ష పేరు చెప్పి మనిషిని తరిమేది మాత్రం ఒప్పుకోవద్దు. ఉద్యోగమిచ్చేదానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతు పెట్టకూడదని 2017 చట్టం చెప్తాంది. సేవకు వచ్చినోనికీ అదే న్యాయం ఉండాల. టీబీ తేలితే ప్రభుత్వ మందులు ఉచితం, తగ్గినాక మళ్లీ రానీయాల. ఈ పరీక్షల ఖర్చు కూడా ఆసుపత్రిదే. ఊరికే పని చేసేదానికి వచ్చినోడు జేబులోంచి కట్టేదేంది?

ఇంకో మాట. 2020 మార్చిలో కేంద్రం కరోనా విధుల్లో చనిపోయినోళ్లకు 50 లక్షల బీమా ప్రకటించింది. దాంట్లో ఆశా వర్కర్లు, ప్రభుత్వం పిలిపించుకున్న వాలంటీర్లు కూడా ఉన్నారు. ఆశాలను 2005 నుంచి కాగితాల మీద స్వచ్ఛంద కార్యకర్తలనే అంటాండారు. అంటే వాలంటీర్‌కు అపాయం ఉందని సర్కారుకు తెలుసు. చస్తే లెక్క ఉంది, బతికుండంగా టీకా లెక్క మాత్రం యాడా కనపడదు.

నంద్యాలలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. పాణ్యం నుంచి ఎన్ఎస్ఎస్ పిల్లోళ్లో, రక్తదాన జట్టో ఏదో ఒక ఆసుపత్రికి సాయానికి పోతానే ఉంటారు. పోయే ముందు మీ టీకా కాగితం చూసుకోండి. వాడిన సూదులేసే తెల్ల డబ్బా యాడుందో, గుచ్చుకుంటే ఎవురికి చెప్పాలో అడగండి. గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల లోపలే మొదలుపెట్టాల. ఇంక హెపటైటిస్ బీ టీకా సంగతి: ఈరోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. క్యాంపు ముందు రోజు రాత్రి అడిగితే కుదిరేది కాదు.