“నీ పెంపకమే!” అనే ముందు...

పిల్లాడికి మంచి మార్కులొస్తే “నా కొడుకు! అచ్చం నా తెలివే” అంటారు తండ్రిగారు. అదే పిల్లాడు లెక్కల్లో తప్పితే “చూడు నీ కొడుకు నిర్వాకం!” అంటారు. ఒక్క పరీక్షతో కొడుకు ఎవరివాడో మారిపోతాడు! అత్తగారూ, ఆడపడుచూ, ఎదురింటావిడా కూడా ఆ మాటకే వత్తాసు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని సామెత ఉండనే ఉంది. పిల్లలు మంచిగా ఎదిగినప్పుడు మాత్రం ఈ సామెత ఎవరికీ గుర్తు రాదెందుకో!

ఇదంతా పాత పాటే. ఇప్పుడు కొత్తగా సైకాలజీ పేరు కూడా తోడైంది. “మొదటి అయిదేళ్లలో తల్లి ఎలా ఉంటే పిల్లాడు జీవితాంతం అలాగే ఉంటాడట” అని ఎవరో చెబుతారు, మనం హడలిపోతాం. డిగ్రీలో సైకాలజీ నా సబ్జెక్టు. కథలు రాయడం మొదలుపెట్టాక మనుషుల్ని అర్థం చేసుకోవాలని ఆ పుస్తకాలు మళ్లీ తిరగేశాను. వాటిని చదివినకొద్దీ నాకు కోపమూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది.

ముందు కోపం సంగతి. అమెరికాలో జాన్ వాట్సన్ అనే ఆయన 1928లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దు చేయకండి, ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, పొద్దున్నే ఓ షేక్‌హ్యాండ్ ఇస్తే చాలు అన్నాడు. తల్లి ప్రేమ ఎక్కువైతే పిల్లలు పాడైపోతారని ఆయన భయం. మరో ఇరవై ఏళ్లు దాటేసరికి గాలి ఎదురు తిరిగింది. 1949లో లియో కానర్ అనే డాక్టరు, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో ప్రేమ చల్లబడిపోయి ఉందని రాశాడు. 1967లో బ్రూనో బెటిల్‌హైమ్ అదే వాదాన్ని ఇంకా గట్టిగా ప్రచారం చేశాడు. ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అన్న పేరు అమ్మలకు అంటుకుంది. ముద్దు చేస్తే తప్పు, ముద్దు చాలకపోతే తప్పు! మరి ఆ తల్లి ఏం చేయాలి?

ఆ నిందను ఎదిరించినవాళ్లలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్లాండ్. సైకాలజిస్టు, ఆటిజం ఉన్న ఒక బాబుకి తండ్రి. ఆటిజం శరీరానికి సంబంధించినదే తప్ప తల్లి చల్లదనం వల్ల వచ్చేది కాదని 1964లోనే పుస్తకం రాశాడు. చివరికి 1969లో ఆ తల్లిదండ్రుల సభలోనే కానర్ లేచి, మీ మీద ఏ నేరమూ లేదని ప్రకటించాడు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా అది, అందులో వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉందని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ అన్నేళ్లపాటు తమ బిడ్డని తామే పాడుచేశామని కుమిలిపోయిన ఆ తల్లుల కన్నీటికి లెక్క ఎవరు కట్టారు?

ఇంక జాన్ బౌల్బీ. యుద్ధం తర్వాత ఇల్లూ వాకిలీ లేని పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో నివేదిక రాశాడు. పసివాడికి తల్లితోగానీ, తల్లిలా చూసుకునే మరొకరితోగానీ విడిపోని అనుబంధం కావాలన్నాడు. ఆ మాట పట్టుకుని “చూశారా, ఆడది ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండాలి” అన్నవాళ్లు కోకొల్లలు. కానీ అదే నివేదికలో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. పిల్లలు తల్లిదండ్రుల మీద ఆధారపడ్డట్టే తల్లిదండ్రులు సమాజం మీద ఆధారపడతారు, పిల్లలు కావాలనుకునే సమాజం ముందు వాళ్ల తల్లిదండ్రుల్ని చూసుకోవాలి అని. మొదటి మాట ఇంటింటికీ చేరింది. రెండోది పుస్తకంలోనే ఉండిపోయింది!

ఇప్పుడు ధైర్యం సంగతి. పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త తన ముగ్గురు పిల్లల్నే గమనించి రాసుకున్నాడు. ఆ రాతలో ఆయన భార్య వాలెంటైన్ శ్రమా ఉంది, పేరు మాత్రం ఆయనకే వచ్చిందనుకోండి! పొట్టి గ్లాసులో పాలు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయంటాడు అయిదేళ్లవాడు. అది మొద్దుతనం కాదు, ఆ వయసు ఆలోచనే అంత. ఏడేళ్లు వచ్చేసరికి తనకే తెలుస్తుంది అంటాడు పియాజే. పక్కింటి పాపతో పోల్చి వీపు మీద రెండు వేయనక్కర్లేదన్నమాట.

వైగోట్‌స్కీ అని రష్యావాడు, 1934లో ముప్ఫై ఏడేళ్లకే పోయాడు. పిల్లాడు ఒంటరిగా చేయలేని పని, తెలిసినవాళ్లు చేయూతనిస్తే చేస్తాడు, అసలు నేర్చుకోవడమంతా ఆ మధ్య జాగాలోనే ఉందన్నాడు. అష్టాచెమ్మా ఆడుతూ లెక్కలు నేర్పే నాయనమ్మా, సైకిల్ సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తే బాబాయీ అందరూ గురువులే. ఆ చేయి అమ్మదే కావాలని ఎక్కడా రాసి లేదు.

నాకు బాగా నచ్చింది బ్రోన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో రాసిన పుస్తకం. ఒకదాంట్లో ఒకటి ఇమిడే చెక్కబొమ్మల్లా పిల్లాడి చుట్టూ ఇల్లు, బడి, వీధి, తండ్రి ఆఫీసు, ప్రభుత్వం, ఆచారాలు ఉంటాయన్నాడు. పిల్లాడు ఏనాడూ అడుగుపెట్టని ఆఫీసు కూడా వాణ్ణి పెంచుతుందట! నిజమే కదా? తండ్రి రాత్రి పదింటికి విసిగిపోయి ఇంటికొస్తే ఆ విసుగు ఎవరి మీద పడుతుంది?

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి ఎన్నో కష్టాల మధ్య పెరిగినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లకు అండగా నమ్మకమైన పెద్ద దిక్కు ఒకరైనా ఉన్నారు. కొందరికి తాతయ్య, కొందరికి టీచరు. మొదటి అయిదేళ్లతోనే అంతా అయిపోయిందని బెంగపడే తల్లులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అంటే తల్లి అక్కర్లేదనా? కానేకాదు. తల్లి ఒళ్లు తల్లి ఒళ్లే. కానీ ఊరంతా కలిసి చేయాల్సిన పనిని ఒక్క మనిషి నెత్తిన పెట్టి, తేడా వస్తే ఆ ఒక్కరినే బోనెక్కించడం ఏం న్యాయం? మనదేశంలో 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీ పథకం పెట్టారు. పేదపిల్లల తిండీ, ఆటపాటలూ చూసుకునే ఆ ఆడవాళ్లకి ఇచ్చేది ఇప్పటికీ జీతం కాదు, ‘గౌరవ వేతనం’! 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే తండ్రికి మాత్రం బిడ్డ పుడితే 15 రోజులే. పెంపకం ఎవరి పని అని మన ప్రభుత్వమూ అనుకుంటోందో ఈ లెక్కే చెబుతుంది.

అందుకే అంటాను. స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి ఈసారి ఆయన్ని పంపండి. నాలుగో తరగతి లెక్క తాతగారినే చెప్పమనండి. పిల్లాడు మాటలు ఆలస్యంగా నేర్చుకుంటుంటే “నువ్వు మాట్లాడించట్లేదు” అన్నవాళ్ల మాట విని కుమిలిపోకుండా డాక్టరుకి చూపించండి. ఇంక ఎవరైనా “నీ పెంపకం...” అని మొదలుపెడితే, “మన పెంపకం అనండి” అని నవ్వుతూనే సరిదిద్దండి. ఆ ఒక్క అక్షరం మారితే చాలు, మిగతావాళ్ల పనులేమిటో వాళ్లకే గుర్తొస్తాయి.